కిరాయి ఇల్లు - జామీను, రసీదు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది కుటుంబాలకు నిలువనీడ లేకుండా చేసింది. 1912లో సర్కారు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు స్థాపించింది. అది ఇరుకు బస్తీలను తొలగించి, ఇండ్లు కట్టి కిరాయికిచ్చింది. రెడ్‌హిల్స్‌లో "సి.ఐ.బి. క్వార్టర్లు" అనే మాట నేటికీ వింటాము.

సర్కారు ఇండ్లు అందరికీ చాలలేదు. తక్కినవారికి ప్రైవేటు ఇండ్లే గతి. అక్కడ "మీరెవరి తాలూకు?" అన్నదే మొదటి ప్రశ్న. మహల్లా పెద్ద జామీను నిలిస్తే తలుపు తెరుచుకొనేది. పల్లె నుండి కొత్తగా వచ్చినవాడికి మాత్రం చెప్పులరిగేవి.

కట్టిన కిరాయికి రసీదు పొందే హక్కును 1960 నాటి కిరాయి చట్టం ఇచ్చింది. మనవాళ్లు మొహమాటపడి దాన్ని అడగరు! పేరు వినగానే "ఇల్లు ఇచ్చేశామండీ" అనేవారున్నారు. ఆ జబ్బుకు ఆ చట్టంలో మందు లేదు. కాని తటపటాయించే యజమానిని ఒప్పించడానికి పాత రసీదుల కట్ట చాలాసార్లు పనికివచ్చింది, మేము చూశాము.

దరఖాస్తుతోపాటు రసీదులు, జీతం కాగితం తెచ్చినవారికి మన సంఘం జామీను ఉత్తరం వ్రాసిస్తుంది. రసీదులు లేనివారు పాత ఇంటాయన చేత రెండు వాక్యాలు వ్రాయించుకొని వచ్చినా సరే.