తాటివనాల సీమలో ద్రాక్షారసము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ – ఈ మూడు పట్టణముల చుట్టు ఏ దిక్కునకు పోయినను తాటిచెట్టు, ఈతచెట్టు కనబడును. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమ కాలువ క్రింద వరి విస్తరించి, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. ద్రాక్షతోట మాత్రము మన సీమ పంట కాదు. అయినను ప్రతి సంస్కార ఆరాధనలో గురువు చేతిలోని పాత్రను చూచి మనము "ద్రాక్షారసము" అని పలుకుచున్నాము. తొలి ఉపదేశుల పేర్లు, గుడులు కట్టిన సంవత్సరములు ఈ సంచికలో ఇతరులు వ్రాయుచున్నారు. నేను ఆ పాత్రలోని రసము ఎచ్చటి నుండి మన యొద్దకు వచ్చినదో వ్రాయదలచితిని.

నోవహు ద్రాక్షతోట నాటెనని ఆదికాండము చెప్పుచున్నది. ఓడ నిలిచినది అరారాతు కొండలమీద. ఆ కొండలకు దూరము కాని ఆర్మేనియాలో, అరేని అను గ్రామపు గుహలో, సుమారు 6000 ఏండ్లనాటి ద్రాక్ష త్రొక్కు తొట్టి, రసము పులియబెట్టు కుండ దొరికినవి. దానికి ఉత్తరమున ఉన్న జార్జియా దేశములో దొరికిన పెంకులమీద ఇంకను పాతదైన, సుమారు 8000 ఏండ్లనాటి ద్రాక్షారసపు జాడలున్నవని 2017లో పండితులు ప్రకటించిరి. ఆ దేశస్థులు నేటికిని పెద్ద మట్టి బానలను మెడవరకు భూమిలో పూడ్చి అందులోనే రసము పులియబెట్టుదురు. బైబిలు చదివినవానికి ఇది వినుటకు ఇంపుగా ఉండును గాని, త్రవ్వకము నోవహు కథను రుజువు చేసినదని నేను చెప్పబోను. ద్రాక్షారసపు మిక్కిలి పాత జాడలు ఆ కొండ దేశములలో దొరికినవని మాత్రము చెప్పవచ్చును.

అక్కడినుండి కనానుకు దిగి వచ్చినయెడల ప్రతి లోయకు ఒక పేరు, ప్రతి పేరుకు ఒక రుచి. వేగులవారు గెలను దండెమీద మోసినది ఎష్కోలు లోయనుండి. పరమగీతములో ఏన్గెదీ ద్రాక్షవనములున్నవి. యెహెజ్కేలు తూరు పట్టణపు వర్తకమును లెక్కించుచు దమస్కువారు తెచ్చిన హెల్బోను ద్రాక్షారసమును పేర్కొనును. హోషేయ లెబానోను ద్రాక్షారసపు వాసనను తలంచును. గుంటూరు మిర్చి, ఆత్రేయపురము పూతరేకులు అని మనము ఊరి పేరు చేర్చి చెప్పుకొనినట్లే వారును చెప్పుకొనిరి. లెబానోనులోని బెకా లోయలో 1857లో యేసుసభ గురువులు క్సారా అను చోట మరల ద్రాక్షారసము తీయుట మొదలుపెట్టిరి. అది నేటికిని సాగుచున్నది.

ఇక విందు మాట. పస్కా బల్లమీద కాల్చిన గొర్రెపిల్ల, పులియని రొట్టె, చేదు కూరలు ఉండవలెను. వాటితోబాటు నాలుగు గిన్నెల ద్రాక్షారసము యూదుల ఆచారములో చేరినది. కొవ్విన మాంసమునకు వగరు, చేదు కూరకు పండు తీపి తోడగును. రసములో నీళ్లు కలుపుకొని త్రాగుట ఆ కాలపు మర్యాద. కానా పెండ్లిలో ద్రాక్షారసము అయిపోవుట అనగా మన పెండ్లిలో బంతి నడుమ అన్నము అయిపోయినట్టు. ఆ ఇంటివారి మాట ఊరిలో పోవును. ఆరు రాతి బానలలో పట్టినది ఐదారు వందల లీటర్లు ఉండునని లెక్క. ముందు మంచి రసము పోసి, జనము మత్తుగా ఉన్నప్పుడు నాసిరకము పోయుదురని విందు ప్రధాని చెప్పిన మాట వినినప్పుడు, మన క్యాటరింగువారిని ఎరిగిన వారికి నవ్వు రాకపోదు.

మన దేశమునకు ఈ పానీయము బొత్తిగా క్రొత్త అనుకొనరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో ద్రాక్షరసముతో చేసిన మద్యమునకు "మధు" అని పేరు. దానిలో కాపిశాయనము, హారహూరకము అని పుట్టిన చోటునుబట్టి రకములు చెప్పబడినవి. కాపిశి నేటి కాబూలునకు ఉత్తరమున ఉండెడిది. పాండిచ్చేరి చెంత అరికమేడులో 1945లో వీలర్ దొరగారు త్రవ్వించినప్పుడు మధ్యధరా సముద్ర తీరమునుండి ద్రాక్షారసము తెచ్చిన రెండు చెవుల కూజాల ముక్కలు బయటపడినవి. మిర్యాలగూడవారికి ఇంకను దగ్గరిది నాగార్జునకొండ. క్రీస్తు తరువాత మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు ఏలిన ఆ లోయలో రోమా బంగారు నాణెములు దొరికినవి. రాజభవనపు స్తంభము ఒకదానిమీద గడ్డము పెంచిన, పైబట్ట లేని పురుషుడు కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకొని నిలిచియున్నాడు. చెంత కూజా ఉన్నది. గ్రీకుల ద్రాక్షారస దేవతయైన డయోనిసస్‌ను పోలినాడని పండితులు వ్రాసిరి. అపొస్తలుల కాలమునకు రెండు వందల ఏండ్లు గడచిన దినములలో మన కృష్ణ ఒడ్డున ద్రాక్షారసపు సంగతి తెలిసినవారు ఉండిరన్నమాట. అయితే అది రాజుల ఇంటి సంగతి. పొలములో పనిచేసిన వానికి తెలిసినది కల్లు.

కల్లును గూర్చి గుడి పుస్తకములో వ్రాయవచ్చునా అని కొందరు అడుగవచ్చును. వ్రాయకపోయిన ఈ చరిత్ర అర్థము కాదు. చలికాలములో ఈతకల్లు, ఎండలు ముదరగానే తాటికల్లు. గౌడ సోదరుడు నడుమున మోకు బిగించి తెల్లవారక ముందే చెట్టెక్కి లొట్టి దించును. దించినప్పుడు తీపి, ఎండ ఎక్కినకొలది పులుపు. పుట్టుకకు, పెండ్లికి, చావుకు, గ్రామదేవతకు సాక పోయుటకు అన్నిటికి అదే. ద్రాక్షారసములో నూటికి పన్నెండు, పదమూడు పాళ్లు మత్తు పదార్థము ఉండగా కల్లులో నాలుగైదు పాళ్లే. పైగా ద్రాక్షారసపు వగరు మన మిరపకారమును నాలుకమీద మరింత మండించును. కల్లులోని పులుపుతీపి దానిని చల్లార్చును. ఏ నేలలో పుట్టిన పానీయము ఆ నేల తిండికే కుదురునని పాశ్చాత్యులు పుస్తకములు వ్రాయుచున్నారు. తాటాకు రేక పట్టుకొని కూర్చున్న మన తాతలు ఆ మాట పుస్తకము లేకయే ఎరుగుదురు.

అట్టి సీమలోనికి మిషనరీలు వచ్చిరి. 1890లో నల్లగొండలో పని ఆరంభించిన అబ్రహాము ఫ్రీసన్ దొరగారు రష్యా దేశమునుండి వచ్చిన మెన్నొనైటు. అమెరికా బాప్తిస్టు మిషనుతో కలిసి పనిచేసిరి. ఆ తరువాత సూర్యాపేటలోను మిషను కేంద్రము వెలసినది. బాప్తిస్టులైనను వెస్లియనులైనను మద్యపానమును గట్టిగా ఖండించిరి. బాప్తిస్మము పొందినవాడు కల్లు మానెనా లేదా అని ఊరు మొదట చూచెడిది. కాని నాడు విశ్వాసి చేతికి వచ్చిన పాత్ర మాటేమి? అందుకు సమాధానము అమెరికాలో ముందే తయారైయుండెను. 1869లో న్యూజెర్సీలోని వైన్‌లాండ్ అను ఊరిలో థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అను మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసమును వేడిచేసి పులియకుండ నిలువజేసెను, ప్రభు బల్లకొరకే. రోమను కతోలిక సంఘమైతే ద్రాక్షనుండి తీసి పులిసిన సహజ ద్రాక్షారసమే ఉండవలెనని నియమము నిలుపుకొన్నది. మన తెలుగు బైబిలులోని "ద్రాక్షారసము" అను మాట ఇరుపక్షములకు చోటిచ్చును. పిండినదియు అదే, పులిసినదియు అదే. సువార్తలలో ప్రభువు పాత్రను గూర్చి పలికినప్పుడు గ్రీకులో మద్యమునకుండు సాధారణ పదము వాడక, ద్రాక్షతీగె ఫలమునే చెప్పెను. దీనిమీద వాదించుటకు నాకు కోరిక లేదు. కొరింథులో కొందరు మత్తులైరని పౌలు వ్రాసెను గనుక అచ్చటి పాత్రలో ఉన్నది పులిసినదే అని మాత్రము ఒప్పుకొనవలెను. తిమోతికి కడుపునొప్పి నిమిత్తము వ్రాసిన ఆ ఒక్క వచనమును కంఠస్థము చేసినవారు ప్రతి సంఘములోను ఇద్దరు ముగ్గురు ఉందురు.

మన పల్లెలలో పులియనిదానిని తయారుచేయుటయే కష్టము. ద్రాక్షతోలుమీదనే పులియజేయు సూక్ష్మజీవి ఉండును. ఏప్రిల్ ఎండలో శనివారము పిండిన రసము మరునాటి సాయంత్రమునకే నురుగు కట్టును. అందుచేత పెద్దమ్మలు నల్ల ఎండుద్రాక్షను కడిగి, రాత్రి నానబెట్టి, తెల్లవారుజామున కాచి, పిసికి, పలుచని గుడ్డలో వడకట్టి గుడికి పంపెడివారు. హైదరాబాదు చుట్టు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి తోటలు పేరుపొందినవి; పట్టణము పెరిగి అవి చాలవరకు పోయినవి. ఆ కాయ తెల్లనిది గనుక రసములో ఎరుపు ఉండదు. బెంగుళూరు వైపు పండు నల్లని బెంగుళూరు బ్లూ అయితే రంగు ఇచ్చును. మన దక్కనులో తీగె చలికి నిద్రపోదు గనుక రైతు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి, ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు కాయ కోయును. సరిగా ఆ దినములలోనే శ్రమకాలము, మంచి గురువారము వచ్చును. క్రిస్మసునాటికి తీగెమీద కాయ ఇంకను పచ్చిగానే ఉండును. ప్రభురాత్రి భోజనమునకు పచ్చిద్రాక్ష, క్రిస్మసు సంస్కారమునకు ఎండుద్రాక్ష – ఈ ఏర్పాటును ఎవరును తీర్మానము చేయలేదు, అంగడి చేసినది.

నేను సంఘములో పులియని రసమునే కోరుదును. కారణము వేదాంతము కాదు, ఇల్లాండ్రు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణము మూయించిన వార్త రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలినది. ఆ స్త్రీల బాధ మన సంఘములోని ఇండ్లలోను ఉన్నది. త్రాగుడు మానుటకు పోరాడుచున్నవాడు బల్లయొద్దకు వచ్చునప్పుడు పాత్ర అతనికి భయము కలిగింపరాదు. అట్లని కల్లు గీసి పిల్లలను చదివించిన గౌడ సోదరుని వృత్తిని పాపమని పులపీఠమునుండి దూషించుటయు నాకు ఇష్టము లేదు. చెట్టుమీదనుండి పడి నడుము విరిగినవాని ఇంటికి వెళ్లి ప్రార్థించు గురువుకు ఆ మాట నోట రాదు.

పాత్రలో ఏమున్నదో అనుదానికన్న నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది పాత్ర ఒకటా, అనేకమా అనుట. పల్లె హోటళ్లలో దళితునికి వేరు గ్లాసు ఉంచిన రెండు గ్లాసుల పద్ధతిని మన పెద్దలు అనుభవించిరి. మాల మాదిగ భేదము గుడిలోనికిని వచ్చినది. దానిని దాచుట అబద్ధము. అట్టిచోట ఒకే పాత్రను అందరి పెదవులకు అందించుట చిన్న పని కాదు. కొరింథీయులమీద పౌలు కోపగించినదియు ముఖ్యముగా మత్తును గూర్చి కాదు. ఒకడు తిని త్రాగుచుండ మరియొకడు ఆకలితో ఉండుటను గూర్చి. అమెరికాలో 1890 ప్రాంతములలో క్రిముల భయముచేత పుట్టిన చిన్న గ్లాసుల పళ్లెము మన పట్టణపు గుడులకును వచ్చినది. 2020లో కోవిడ్ రాగా వాటి వాడుక పెరిగినది. ఆరోగ్యమునకు మంచిదే, కాదనను. అయినను గ్లాసులు వేరైనను రసమంతయు ఒకే పెద్ద పాత్రనుండి, అందరు చూచుచుండగా, బల్లయొద్దనే పోయవలెనని నేను సంఘపెద్దలను కోరితిని. రెండు సంఘములు ఒప్పుకొన్నవి. ఒకటి ఇంకను చర్చించుచున్నది.

ఇప్పుడు నాసిక్‌లోను, బెంగుళూరు చెంత నంది కొండల దాపునను ద్రాక్షారస కర్మాగారములు లేచినవి. యాత్రికులు తోటలు చూడబోవుచున్నారు. మన యువకులును వెళ్లి ఫొటోలు తెచ్చుచున్నారు. మన ప్రేమవిందులో మాత్రము మాంసము, పప్పు, పెరుగు, మంచినీళ్లు. సంస్కారమునకు కావలసిన ఎండుద్రాక్ష సూర్యాపేట కిరాణా అంగడిలో దొరకును. దేశములో అమ్ముడుపోవుదానిలో చాలా భాగము మహారాష్ట్రలోని సాంగ్లి వైపునుండి వచ్చును. నల్ల ఎండుద్రాక్షలో కొంత నేటికిని ఆఫ్ఘనిస్తానునుండి దిగుమతియగుచున్నది. కౌటిల్యుడు చెప్పిన కాపిశి ఆ దేశములోనిదే.