అహ్మదాబాదు వారసత్వ నడక

అహ్మదాబాదు వారసత్వ నడక గుజరాత్ రాష్ట్రంలోని అహ్మదాబాదు పాతనగరంలో మార్గదర్శి వెంట కాలినడకన సాగే చారిత్రక పర్యటన. అహ్మదాబాదు నగరపాలక సంస్థ దీనిని 1997 నవంబరు 19న, ప్రపంచ వారసత్వ వారోత్సవాల మొదటి రోజున ప్రారంభించింది. కాలూపూర్‌లోని స్వామినారాయణ మందిరం వద్ద మొదలయ్యే ఈ నడక సన్నని వీధుల గుండా సుమారు రెండున్నర గంటలు సాగి జామా మసీదు వద్ద ముగుస్తుంది. అందువలన దీనిని "మందిరం నుండి మసీదు వరకు" అని కూడా వ్యవహరిస్తారు. భారతదేశంలో స్థానిక సంస్థలు చేపట్టిన ఇటువంటి నడకలలో ఇది మొదటి తరానికి చెందినది. తరువాత పలు నగరాలు దీనిని మాదిరిగా తీసుకొన్నాయి.

నేపథ్యం

అహ్మదాబాదును గుజరాత్ సుల్తాను మొదటి అహ్మద్ షా 1411లో సబర్మతీ నది తూర్పుతీరాన నిర్మించాడు. కోటగోడ లోపలి జనావాసాలు క్రమంగా "పోళ"లుగా ఏర్పడ్డాయి. పోళ అనగా ఒకే కులానికి గాని, వృత్తికి గాని, మతానికి గాని చెందిన కుటుంబాలు కలిసి నివసించే పేట. దానికి సాధారణంగా ఒకే పెద్ద ద్వారం ఉంటుంది. రాత్రివేళ ఆ ద్వారాన్ని మూసివేసేవారు. 18వ శతాబ్దంలో మొఘలులకు, మరాఠాలకు మధ్య జరిగిన పోరులో నగరం పలుమార్లు చేతులు మారినందున ఈ కట్టుబాటు మరింత బలపడింది.

20వ శతాబ్దంలో నగరం నదికి పడమటి వైపు విస్తరించింది. స్థితిమంతులైన కుటుంబాలు ఒక్కొక్కటిగా ఆవలి ఒడ్డుకు తరలిపోగా, చెక్కడపు పనితనం గల కొయ్య ఇళ్ళు గోదాములుగా, దుకాణాలుగా మారసాగాయి. కొన్నిటి స్తంభాలు, ద్వారబంధాలు ఊడదీయబడి పురాతన వస్తువుల వ్యాపారుల వద్దకు చేరాయి. కోటలకు, మసీదులకు పురావస్తు శాఖ రక్షణ ఉన్నది. సామాన్యుని ఇంటికి అటువంటి రక్షణ ఏదీ లేదు. ఈ లోటును గుర్తించి నగరపాలక సంస్థ 1996లో ప్రత్యేకంగా వారసత్వ విభాగాన్ని ఏర్పరచింది. కోల్‌కతాకు చెందిన క్రూటా ఫౌండేషన్, దాని స్థాపకుడైన వాస్తుశిల్పి దేబాశీష్ నాయక్ సహకారంతో నడక మార్గం రూపొందింది.

ఉద్దేశ్యం

పర్యాటకులను ఆకర్షించడం ఈ నడక ఉద్దేశ్యాలలో ఒకటి మాత్రమే. పోళలలో నివసించేవారికి తమ ఇంటి విలువ తెలియజేయడం అంతకంటె ముఖ్యమైనది. తన వీధి అరుగును చూడడానికి పరాయి ఊరివారు వస్తున్నారని తెలిసిన గృహస్థు దానిని కూల్చడానికి ముందు ఒకసారి ఆలోచిస్తాడన్నది నిర్వాహకుల ఆశ. మార్గంలో ప్రసిద్ధ కట్టడాల కంటె ఇళ్ళు, అరుగులు, బావులు, అంగళ్ళు ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

నడక రెండు కొసలను ఎంచుకొన్న తీరు కూడా గమనించదగినది. 1969, 1985, 2002 సంవత్సరాలలో మత కల్లోలాలను చూసిన నగరం ఇది. ఆ కల్లోలాలలో పాతనగరపు పేటల పేర్లు వార్తలలో తరచు వినిపించాయి. అవే పేటల గుండా ఒక హిందూ దేవాలయం నుండి జైన మందిరాల మీదుగా మసీదు వరకు రెండున్నర గంటలలో నడిచి వెళ్ళవచ్చునన్న సంగతి ఈ మార్గం వలన చాలామందికి తెలిసివచ్చింది.

మార్గం

స్వామినారాయణ సంప్రదాయంలో తొలి ఆలయమైన కాలూపూర్ మందిరం 1822లో నిర్మించబడినది. దాని కొయ్యపనిలో బర్మా టేకును వాడారు. నడకకు ముందు ఇక్కడ నగర చరిత్రపై చిత్రప్రదర్శన చూపే ఆనవాయితీ ఉన్నది.

అక్కడికి దగ్గరలోని లాంబేశ్వర్ పోళలో గుజరాతీ కవి దలపత్‌రామ్ (1820–1898) నివసించిన చోటు ఉన్నది. ఆంగ్లేయ అధికారి అలెగ్జాండర్ ఫోర్బ్స్‌కు గుజరాతీ నేర్పినవాడు ఈయనే. ఫోర్బ్స్ 1848లో స్థాపించిన గుజరాత్ వెర్నాక్యులర్ సొసైటీతో ఈయనకు దీర్ఘకాల సంబంధం ఉండేది. కవి నివసించిన ఇల్లు నిలువలేదు. దాని స్థానంలో ఇంటి ముఖభాగాన్ని తిరిగి కట్టి, అరుగుమీద కవి కూర్చొనిఉన్నట్లు కంచు విగ్రహాన్ని ఉంచారు. వీధిపిల్లలు ఆ విగ్రహం పక్కన కూర్చొని ఆడుకొంటారు. చుట్టూ కంచె వేసి ఎత్తైన దిమ్మె మీద నిలిపే విగ్రహాల కంటె ఇదే ఉచితంగా కనిపిస్తుంది.

పోళ కూడలిలో "చబూతరో" కనిపిస్తుంది. ఇది పక్షులకు గింజలు వేయడానికి ఎత్తైన స్తంభంపై కట్టిన చిన్న మంటపం. చెట్లకు చోటులేని ఇరుకు వీధులలో పక్షులకు ఇది ఆధారం. ఇళ్ళ నిర్మాణంలో ముఖ్యమైనది నడిమి ముంగిలి. గాలి, వెలుతురు దాని ద్వారానే లోనికి వస్తాయి. అనేక ఇళ్ళలో ముంగిలి కింద "టాంకా" అనే నేలమాళిగ తొట్టి ఉన్నది. డాబామీద పడిన వాననీరు గొట్టాల ద్వారా అందులోనికి చేరి ఏడాది పొడవునా తాగడానికి ఉపయోగపడేది. కుళాయిలు వచ్చిన తరువాత చాలా టాంకాలు వాడుక తప్పాయి. కొన్ని పోళల మధ్య రహస్య మార్గాలు ఉన్నాయి. చూడడానికి ఇంటి తలుపు వలె కనిపించే ద్వారం గుండా వెళితే పక్క పోళలో తేలుతారు. కొత్తవారు మార్గదర్శి లేకుండా దీనిని కనిపెట్టడం కష్టం.

మార్గంలో కాలికో డోమ్ ఒక వింత మలుపు. అమెరికా రూపశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోళాకార నిర్మాణాల స్ఫూర్తితో, 1960లలో కాలికో మిల్లుల వస్త్ర విక్రయశాల కోసం దీనిని కట్టారు. మిల్లు మూతపడిన తరువాత నిరాదరణకు గురైన ఈ కట్టడం 2001 జనవరి 26 భూకంపంలో దెబ్బతిని కూలింది. వందల ఏళ్ళనాటి కొయ్య ఇళ్ళు పలు చోట్ల అదే భూకంపాన్ని తట్టుకొన్నాయి. కొయ్య చట్రానికి కదలికను ఓర్చుకొనే గుణం ఉండడం ఇందుకు ఒక కారణం.

హాజా పటేల్ పోళలోని కాలా రామజీ మందిరం, దోషీవాడ ప్రాంతంలోని అష్టాపదజీ జైన మందిరం దాటిన తరువాత హరకున్వర్ శేఠాణీ హవేలీ వస్తుంది. భర్త హఠీసింగ్ ఆరంభించిన ప్రసిద్ధ జైన దేవాలయాన్ని ఆయన మరణానంతరం 1848లో పూర్తిచేయించిన వితంతువు ఈమె. వీధిలోనికి పొడుచుకువచ్చిన పై అంతస్తులను మోసే చెక్కడపు కొయ్య బ్రాకెట్లు ఈ హవేలీకి ప్రత్యేకత.

ఫెర్నాండెజ్ వంతెన కింద పుస్తకాల బజారు, ఆపై బొట్టు, పూజాసామగ్రి అమ్మే చాంద్లా ఓళ్ వస్తాయి. నగరంలోని తొలి పోళగా చెప్పబడే ముహూర్త్ పోళ దాటితే మాణేక్ చౌక్ చేరుతారు. కోటగోడ కడుతున్న రోజులలో మాణేక్‌నాథ్ అనే సాధువు పగలంతా చాప అల్లి, రాత్రి దానిని విప్పేవాడనీ, దానితోపాటు గోడ కూలిపోయేదనీ ఐతిహ్యం. చౌక్‌కు ఆయన పేరే వచ్చింది. ఉదయం పశువుల మేత, పగలు బంగారు నగలు, రాత్రి తినుబండారాలు ఈ ఒక్క చోటనే అమ్ముతారు. 1894లో ఏర్పడిన అహ్మదాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి పాత భవనం కూడా ఇక్కడే ఉన్నది.

సుల్తాను రాణుల సమాధులు గల రాణీ నో హజీరో చుట్టూ స్త్రీల దుస్తుల అంగళ్ళు, అహ్మద్ షా సమాధి గల బాద్షా నో హజీరో, చివరిగా 1424లో పూర్తయిన జామా మసీదు వస్తాయి. మసీదు మినారులు 1819 భూకంపంలో కూలిపోయాయి.

ఫలితాలు, విమర్శ

నగరపాలక సంస్థ రెండువేలకు పైగా పాత ఇళ్ళను వారసత్వ జాబితాలో చేర్చింది. 2017 జూలైలో యునెస్కో అహ్మదాబాదు చారిత్రక నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. భారతదేశంలో ఈ గుర్తింపు పొందిన మొదటి నగరం ఇదే. దీనికి నడక ఒక్కటే కారణం కాకపోయినా, నడక కోసం జరిగిన పరిశీలన పునాదులలో ఒకటి.

అయినప్పటికీ కూల్చివేతలు ఆగలేదు. గుర్తింపు తరువాత కూడా పాత ఇళ్ళ స్థానంలో వాణిజ్య భవనాలు లేచాయి. ఒక కొయ్య ఇంటిని మరమ్మతు చేయించడం ఖర్చుతో కూడిన పని. ఉమ్మడి ఆస్తిలో వాటాదారులు అనేకులైనప్పుడు అది మరింత జటిలమవుతుంది. నడిచి చూసేవారి మెప్పు ఆ ఖర్చును భరించలేదన్న విమర్శలో న్యాయం ఉన్నది.

హైదరాబాదులో

తెలుగు ప్రాంతంలో ఇటువంటి నడకలు ప్రధానంగా హైదరాబాదులో జరుగుతున్నాయి. ఇంటాక్ హైదరాబాదు విభాగం, మరికొన్ని స్వచ్ఛంద బృందాలు చార్మినారు (1591), లాడ్ బజారు, చౌమహల్లా ప్యాలెస్ పరిసరాలలోను, కోఠీలోని పూర్వపు బ్రిటిష్ రెసిడెన్సీ వద్దను వీటిని నిర్వహించాయి. ఇక్కడ చట్టరక్షణ నిలకడగా సాగలేదు. 1981లో పట్టణాభివృద్ధి నిబంధనలలో చేర్చిన వారసత్వ కట్టడాల నియమాన్ని 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కొత్త శాసనసభ భవనం కోసం ఇర్రం మంజిల్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది.