గుడి లేని తీర్థం: మా జగ్గన్నతోట

కోనసీమలో తీర్థమంటే సాధారణంగా గుడి చుట్టూ జరిగేదే. అంబాజీపేట మండలం మా మొసలపల్లి శివారు జగ్గన్నతోటలో మాత్రం గుడీ లేదు, గోపురమూ లేదు. కొబ్బరిచెట్లు, వాటి కింద ఖాళీ నేల, అంతే. ఏటా కనుమనాడు పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభలెక్కి ఆ నేలకే తరలివస్తారు. నాలుగు వందల ఏళ్లకు పైబడిన ఆనవాయితీ అని పెద్దలు చెబుతారు.

ఆ ఊళ్లు ఇవి: వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి. ఏకాదశ రుద్రులు ఏడాదికోసారి ఇక్కడ కొలువుదీరి లోకకల్యాణం గురించి మాట్లాడుకుంటారని మా నమ్మకం. కొలువుకు పెద్ద వ్యాఘ్రేశ్వర స్వామి. ఆయన ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తి గౌరవిస్తారు. మా మొసలపల్లి భోగేశ్వర స్వామిది ఆతిథ్యం. అందుకే అందరికన్నా ముందు వచ్చి, అందరినీ సాగనంపాకే కదులుతాడు. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు మనం పాటించే మర్యాదే అది.

ప్రభ కట్టడం ఊరంతటి పని. కర్రలతో, వెదురుబద్దలతో చట్రం కట్టి, రంగురంగుల బట్టలు చుట్టి, ఊలు దారాలతో, పూలదండలతో, గంటలతో ముస్తాబు చేస్తారు. కొత్త వరికంకులూ కడతారు. నడుమ ఉత్సవమూర్తిని కూర్చోబెడతారు. ఇంత బరువునూ బండి మీద కాదు, భుజాల మీద మోస్తారు. తాషాల మోత, గరగల నాట్యం, ‘శరభా! అశ్శరభా!’ అన్న కేకల మధ్య ప్రభ ఊరు దాటుతుంది. దూరాన ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు సంక్రాంతికి ఇంటికొచ్చేది ఆ ప్రభ కింద భుజం పెట్టడానికే.

అన్నిటికన్నా చూడవలసింది గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు వచ్చే దారి. నడుమ ఎగువ కౌశిక కాలువ అడ్డొస్తుంది. గుండెలోతు నీళ్లలో దిగి, ప్రభ ఒరగకుండా ఒకరినొకరు హెచ్చరించుకుంటూ అవతలి గట్టుకు చేరుస్తారు. ఆపైన వరిచేలు. అప్పటికి దాళ్వా పైరు పచ్చగా ఉంటుంది. వందల కాళ్లు ఆ పైరును తొక్కుకుంటూ పోతాయి. చేనుగలాయన కోపగించడు. రుద్రుడి పాదం పడిన చేను బాగా పండుతుందని ఎదురు చూస్తాడు. గట్టు తగాదాలకు పేరుపడ్డ పల్లెటూళ్లలో ఆ ఒక్కరోజు ఏ గట్టూ అడ్డు కాదు. ఈ తీర్థంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

తోటలో ప్రభలన్నీ వరసగా కొలువుదీరాక జనం మొక్కులు చెల్లించుకుంటారు. పిల్లలకు రంగులరాట్నం, బొమ్మల దుకాణాలు. పెద్దవాళ్లకు పలకరింపులు. పుట్టింటికొచ్చిన ఆడపడుచులు, పండక్కొచ్చిన అల్లుళ్లు, చాలాకాలంగా కలవని వియ్యంకులు ఇక్కడే తారసపడతారు. తీర్థానికెళ్లి జీళ్లూ ఖర్జూరమూ కొనకుండా ఇంటికొచ్చినవాళ్లు మా వైపు ఉండరు. మర్నాటికి అది మళ్లీ మామూలు కొబ్బరితోట.

2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా మా ప్రభల తీర్థమే నడిచింది. ఊరంతా టీవీల ముందు కూర్చుని చూసింది. ఆ గౌరవం మాకెంతో గొప్పది. అయితే శకటం మీద ప్రభలు కనబడతాయిగానీ, అవి నడిచొచ్చే దారి కనబడదు. ఈ తీర్థానికి ప్రాణం ఆ దారిలోనే ఉంది.

ఇప్పుడు కోనసీమలో వరిచేలు చెరువులవుతున్నాయి, కొబ్బరితోటలు ఇళ్లస్థలాలవుతున్నాయి. ఎవరి భూమి వారిది, ఎవరి కష్టం వారిది. కాదనలేం. కానీ చేలో నడిచిన ప్రభ రొయ్యల చెరువులో నడవలేదు. ప్రహరీ గోడ దాటలేదు. తోట ఒక్కటే మిగిలి దారులు మూసుకుపోతే పదకొండు ప్రభలనూ లారీలెక్కించి తేవలసిన రోజొస్తుంది. అప్పుడు జరిగేది ఉత్సవమేగానీ, మా తాతలు మాకిచ్చిన తీర్థం కాదు.

కాబట్టి పదకొండు ఊళ్ల పెద్దలకూ, పంచాయతీలకూ నా మనవి ఒక్కటే. జగ్గన్నతోటలో సిమెంటు కట్టడాలు వద్దు, మండపాలు వద్దు. ఖాళీగా ఉండటమే ఆ నేలకు అందం. ప్రభలు నడిచే ప్రతి దారినీ, కాలువ దాటే ప్రతి రేవునూ గుర్తించి గ్రామసభలో తీర్మానం చేయండి, కాగితం మీద రాయించండి. భూములు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కనుమనాటి దారికి మాత్రం అడ్డు కట్టబోమని మాటివ్వండి. మన పిల్లలకు మనం రాసివ్వవలసిన ఉమ్మడి ఆస్తి అది.