హునైన్ అనువాద బృందం

గ్రీకుల వైద్యశాస్త్రం అరబ్బీలోకి ఎలా వచ్చిందని అడిగితే సాధారణంగా ఒకే సమాధానం వినవస్తుంది. ఖలీఫా మామూన్ బగ్దాదులో బైతుల్ హిక్మా నెలకొల్పాడు, హునైన్ బిన్ ఇస్‌హాఖ్‌ను దానికి అధిపతిగా నియమించాడు, గ్రంథాలు వెలువడ్డాయి అంటారు. కాని హునైన్ 856లో అలీ బిన్ యహ్యాకు రాసిన రిసాలాలో బైతుల్ హిక్మా పేరు ఒక్కచోటైనా కనబడదు. ఆ రిసాలా జాలీనూస్ గ్రంథాల పట్టిక. ఏ గ్రంథాన్ని ఎవరు కోరారు, ఎవరు ఏ భాషలోకి మార్చారు, ఎవరు సరిదిద్దారు అన్న వివరాలు అందులో ఉన్నాయి. జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలన్నీ పోగొట్టుకున్న తర్వాత కేవలం జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన పట్టిక అది. అందులో మనకు కనిపించేది రాజసంస్థ కాదు. పని తెలిసిన కొద్దిమంది మనుషుల జట్టు.

హునైన్ 808లో హీరాలో జన్మించాడు. నస్తూరీ క్రైస్తవుడు, మందులు అమ్ముకునే వాని కొడుకు. బగ్దాదులో యూహన్నా బిన్ మాసవైహ్ వద్ద వైద్యం నేర్చుకోవడానికి చేరాడు. ప్రశ్నలు ఎక్కువగా వేస్తున్నాడని గురువు విసుగుచెంది, హీరా వారికి వైద్యమెందుకు, వీధిలో కూర్చుని నాణేలు మార్చుకొమ్మని వెళ్ళగొట్టాడు. జుందీషాపూర్ వైద్య కుటుంబాలకు వ్యాపారుల బిడ్డలంటే ఉండిన చులకన ఇది. శిష్యుడు ఏడుస్తూ వెళ్ళిపోయి, గ్రీకు భాషను క్షుణ్ణంగా నేర్చుకుని తిరిగివచ్చాడు. ఆ తర్వాత అతనికి గ్రంథాల పని అప్పగించిన వారిలో ఈ యూహన్నా కూడా ఉన్నాడు! తాను కాదన్న మనిషి పనితనాన్ని చూసి మనసు మార్చుకున్నందుకు యూహన్నాను కూడా మెచ్చుకోవలసిందే.

పని ఇచ్చిన వారిలో ముఖ్యులు బనూ మూసా సోదరులు. వీరు ముస్లిములు, గణితవేత్తలు. హునైన్, అతని మేనల్లుడు హుబైష్, సాబియన్ మతస్థుడైన సాబిత్ బిన్ ఖుర్రా మొదలైన వారికి వీరు నెలకు సుమారు 500 దీనార్లు చెల్లించేవారు. ఈ చెల్లింపు ‘నఖల్’, ‘ములాజమత్’ అనే రెండింటికి, అంటే అనువాదానికి, విడవకుండా పనిని అంటిపెట్టుకుని ఉండటానికి అని చెప్పబడింది. ఈనాడు హైదరాబాదు ఉర్దూలో ఉద్యోగిని ములాజిమ్ అంటారు. ఆ మాట మూలార్థం ఇదే. మతం అడిగి ఇచ్చిన జీతం కాదది.

మామూన్ జీతం విషయంలో మరో కథ ప్రచారంలో ఉంది. అనువాదం ఎంత తూగితే అంత బంగారం ఇచ్చేవాడట. 13వ శతాబ్దపు వైద్యచరిత్రకారుడు ఇబ్నె అబీ ఉసైబియా, హునైన్ లేఖకుడు అజ్రఖ్ చేతిరాతలో ఉన్న ప్రతులను తాను చూశానంటాడు. పెద్ద అక్షరాలు, దూరదూరంగా పంక్తులు, మామూలు కాగితం మూడు నాలుగు పొరలంత మందమైన కాగితం. తూకం పెరగడానికే ఇలా చేయించాడని అతని అభిప్రాయం. మామూన్ 833లో చనిపోయేనాటికి హునైన్ వయస్సు 25 మాత్రమే గనుక కథను పూర్తిగా నమ్మలేము. అయితే తూకానికి జీతమిస్తే కాగితం మందమవుతుందన్నది మాత్రం నమ్మదగిన సంగతే. ఆ మందం వల్లనే ప్రతులు అంతకాలం నిలిచాయని కూడా ఆ చరిత్రకారుడు చెప్పాడు.

ఇక పని జరిగిన తీరు. జాలీనూస్ వైద్య శాఖలపై రాసిన గ్రంథాన్ని హునైన్ సుమారు 20 ఏళ్ళ వయస్సులో, తప్పులతో నిండిన ఒకే గ్రీకు ప్రతిని పట్టుకుని సుర్యానీలోకి మార్చాడు. సుమారు 40వ ఏట హుబైష్ దాన్ని సరిదిద్దమని కోరాడు. అప్పటికి చేతికి అనేక ప్రతులు వచ్చివున్నాయి. వాటినన్నిటినీ పోల్చి ముందుగా ఒక సరైన గ్రీకు పాఠం తయారుచేసి, దానితో తన పాత అనువాదాన్ని సరిచూశాడు. తర్వాత అన్నిటికీ ఇదే పద్ధతి. ఇందులో గమనించవలసింది, గురువు తప్పును సరిదిద్దమని అడిగినవాడు శిష్యుడు. గురువు ఆ సంగతిని దాచకుండా రాసిపెట్టాడు. జాలీనూస్ ‘నిరూపణ’ గ్రంథం కోసం హునైన్ జజీరా, సిరియా, పాలస్తీనా, ఈజిప్టు తిరిగాడు. దమస్కసులో సగం మాత్రమే దొరికింది.

సుర్యానీ అనువాదాలు క్రైస్తవ వైద్యులకు, అరబ్బీవి ముస్లిం పోషకులకు. గ్రీకు నుండి సుర్యానీలోకి చాలావరకు హునైన్ మార్చేవాడు. అక్కడి నుండి అరబ్బీలోకి హుబైష్, ఈసా బిన్ యహ్యా వంటివారు తీసుకుపోయేవారు. ఇస్తిఫన్ బిన్ బాసిల్ గ్రీకు నుండి నేరుగా అరబ్బీలోకి చేసేవాడు. అన్నిటినీ చివరగా హునైన్ సరిచూసేవాడు. హుబైష్ గురించి అతని మాట నిష్కర్షగానే ఉంది: తెలివి సహజంగా ఉంది, తన పద్ధతినే అనుసరించాలన్న కోరికా ఉంది, కాని శ్రద్ధ ఆ తెలివికి తగినంతగా లేదు. సొంత మేనల్లుడి పట్ల కూడా పక్షపాతం చూపలేదు. అలాగని పని తీసేయనూ లేదు.

దియోస్కూరిదీస్ మూలికల గ్రంథాన్ని ఇస్తిఫన్ అనువదించగా హునైన్ దిద్దాడు. అరబ్బీ పేరు తెలియని మొక్కలకు ఇస్తిఫన్ కొత్త పేరు కల్పించలేదు. గ్రీకు పేరునే అరబ్బీ లిపిలో ఉంచి, తెలిసినవాడిని అల్లాహ్ తర్వాత పంపుతాడని ఆశించాడు. పదవ శతాబ్దంలో బైజంటైన్ చక్రవర్తి ఖుర్తుబాకు గ్రీకు ప్రతిని పంపాడు. 951లో నికొలా అనే సన్యాసి అక్కడికి వచ్చాడు. ఖుర్తుబా వైద్యులు అతనితో కూర్చుని, మిగిలిపోయిన పేర్లలో చాలావాటిని గుర్తించారు. బగ్దాదులో తెలియదని ఒప్పుకున్నందువల్లనే ఖుర్తుబాలో వెతకవలసినదేమిటో తెలిసింది.

ఇంత పని పంచుకున్న వారి పేర్లు తర్వాతికాలంలో ఒకే పేరులో కలిసిపోయాయి. హుబైష్ చేసినవి తన పేరున చెలామణి కావడం హునైన్ అదృష్టమని ఇబ్నె నదీమ్ వ్యాఖ్యానించాడు. ఇబ్నుల్ ఖిఫ్తీ దీనికి ఒక కారణం చూపాడు. అరబ్బీ లిపిలో ఈ రెండు పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, చుక్కలే తేడా. హుబైష్ అని చూసిన తెలియని లేఖకులు అది హునైన్‌కు వచ్చిన తప్పు అనుకుని, గీకివేసి ‘సరిదిద్దారు’. శిష్యుడి పేరును చెరిపినవాడు గురువు కాదు. గురువు రిసాలాలో 129 గ్రంథాలను పేర్కొంటూ తాను చేసినవేవో, చేయనివేవో విడివిడిగా చెప్పాడు. మాక్స్ మేయర్‌హోఫ్ 1926లో వేసిన లెక్క ప్రకారం హునైన్ సొంతంగా సుర్యానీలోకి 95, అరబ్బీలోకి 39 మార్చాడు. సుమారు 70 అరబ్బీ అనువాదాలు శిష్యులవి, అతడు దిద్దినవి. ఆ రిసాలా ఇస్తాంబుల్‌లో ఆయాసోఫియా గ్రంథాలయపు ప్రతిలో నిలిచింది. 1925లో బెర్గ్‌స్ట్రాసర్ దాన్ని అచ్చువేశాడు. అందులో హుబైష్ పేరు ఇప్పటికీ అతను చేసిన పనుల పక్కనే ఉంది.