విడదీసి పంపే లాంప్‌షేడ్: గాలికి కట్టే కిరాయి

2022 డిసెంబరులో ఇండియా వెళ్ళినప్పుడు ధర్మవరంలో ఒక పెళ్ళి చూసుకుని, పక్కనే కదా అని నిమ్మలకుంట వెళ్ళాం. తోలుబొమ్మల ఊరు. అనంతపురం జిల్లాలో ఉండేది, ఆ ఏడాదే శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారిది ఈ ఊరే. బొమ్మలాటలు తగ్గిపోయాక ఇక్కడివాళ్ళు అదే మేకతోలుతో, అదే ఉలులతో, అదే రంగులతో లాంప్‌షేడ్లు చెయ్యడం మొదలుపెట్టారు. లోపల బల్బు వెలిగిస్తే ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి నగలన్నీ మెరుస్తాయి. అది చూశాక కొనకుండా రావడం కష్టం.

ఒకటి కొన్నాను. సూట్‌కేసులో పట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని అట్లాంటిక్ దాటించాను. మా ఇంటికొచ్చిన స్నేహితులు చూసి మాకూ కావాలన్నారు. లెక్క పన్నెండుకి తేలింది. షేడ్ చేసిచ్చిన పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన సంబరపడి తోళ్ళు కూడా కొనేసుకున్నారు. ఆ తర్వాత కొరియర్ వాళ్ళని అడిగితే, ఒక్కో షేడుకి రవాణా ఖర్చు షేడు ధర కన్నా ఎక్కువ చెప్పారు. స్నేహితులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆయనకి మళ్ళీ ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. "పోనీలే నాయనా" అన్నారు, అంతే. ఇంకేమన్నా అని ఉంటే బాగుండుననిపించింది.

నేను మెకానికల్‌లో ఎమ్మెస్ చేసి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాళ్ళలో ఒకణ్ణి. చదివిన చదువు పదేళ్ళ తర్వాత పనికొచ్చింది ఇక్కడే. ఇండియా నుంచి తేలికగా ఉండి చోటు మాత్రం ఎక్కువ తినే వస్తువు ఏది తెప్పించుకోవాలన్నా ఈ లెక్కలు మీకూ అక్కరకి రావచ్చని రాస్తున్నాను.

ముందు కిరాయి సంగతి. అంతర్జాతీయ కొరియర్లు పెట్టెని కాటా మీద పెట్టి ఊరుకోవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చేది వాల్యూమెట్రిక్ వెయిట్. అసలు బరువు, ఇది, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. నేను తెచ్చిన షేడ్ పై వ్యాసం 20 సెంటీమీటర్లు, కింద వ్యాసం 40, నిలువు ఎత్తు 24. చుట్టూ మెత్తటి కాగితాలు కుక్కి 45 × 45 × 30 పెట్టెలో పెడితే లెక్క 12.15 కిలోలు. కాటా మీద ఎంతనుకున్నారు? పెట్టెతో సహా కిలోన్నర లోపే. అంటే పది కిలోల పైచిలుకు మనం గాలికి కడుతున్న కిరాయి అన్నమాట.

అమెరికా లోపలా ఇదే కథ. ఇక్కడ అంగుళాల్లో గుణించి 139తో భాగిస్తారు, సమాధానం పౌండ్లలో వస్తుంది. గ్రౌండ్ సర్వీసులో ఈ లెక్క ఒకప్పుడు పెద్ద పెట్టెలకే ఉండేది. యూపీఎస్, ఫెడెక్స్ రెండూ 2015 మొదలయ్యే వేళకి అన్ని పెట్టెలకీ వర్తింపజేశాయి. 2025 ఆగస్టు నుంచి అంగుళంలో ముక్క ఉన్నా పై అంకెకే లెక్కేస్తున్నాయి. పై పెట్టె 18 × 18 × 12 అవుతుంది, అంటే 28 పౌండ్లు. అసలు బరువు మూడు పౌండ్లు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. శంకువు ఆకారమే కదా, పేపర్ కప్పుల్లా ఒకదాని మీద ఒకటి దొంతి పెట్టి పంపకూడదా? పంపవచ్చు. కంటైనర్లో ఒకే చోటికి వెళ్ళే సరుకైతే అదే మంచి దారి, ఏమీ విడదియ్యక్కర్లేదు. మా పన్నెండు ఇళ్ళూ తొమ్మిది ఊళ్ళలో ఉన్నాయి. దొంతిగా వచ్చినా ఇక్కడ మళ్ళీ విడివిడి పెట్టెలే, మళ్ళీ 28 పౌండ్లే. పైగా రంగు వేసిన తోలు ఒకదానికొకటి రాసుకుంటే గీతలు పడతాయి.

ఈ చిక్కుముడిని ఇదివరకు విప్పినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో నాకు బాగా నచ్చినది ఇసాము నొగుచి కథ. తల్లి అమెరికన్, తండ్రి జపనీయుడు, ఆయన శిల్పి. 1951లో జపాన్‌లో గిఫు అనే ఊరు వెళ్ళినప్పుడు, అక్కడి మేయరు మా లాంతర్ల పరిశ్రమ పడిపోతోంది, ఏదైనా చెయ్యమని అడిగారు. ఆ ఊళ్ళో నదిలో రాత్రిపూట నీటికాకులతో చేపలు పట్టే ఆచారం ఉంది. కాగితపు లాంతర్లు అక్కడ ఎప్పటినుంచో ఉన్నవే. నొగుచి ఆ పనితనాన్నే తీసుకుని ఎలక్ట్రిక్ బల్బుకి సరిపోయే దీపాలు గీశారు. అకారి అని పేరు పెట్టారు, అంటే వెలుతురు. 1891లో మొదలైన ఓజెకి కంపెనీ అవి చేసింది.

వాటి తయారీలో ఒక చమత్కారం ఉంది. చెక్క పలకలు గుండ్రంగా అమర్చి అచ్చు నిలబెడతారు. దాని చుట్టూ సన్నటి వెదురు పుల్లని చుట్టుకుంటూ వెళతారు. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితం పట్టీలు దాని మీద అంటిస్తారు. ఆరాక లోపలున్న అచ్చుని పలక పలకగా విప్పి మూతిలోంచి బయటికి లాగేస్తారు. విడిపోయేది దీపం కాదు, అచ్చు! దీపం మాత్రం అకార్డియన్ లాగా అణిగి చదునైపోతుంది. చదునైన పెట్టెలో వెళ్ళి, చేరిన చోట లోపల ఒక తీగ చట్రం పెట్టగానే మళ్ళీ సాగి నిలబడుతుంది. 1986 వెనిస్ బియెనాలేలో అమెరికా తరపున ఆయన వీటినీ ప్రదర్శించారు.

గుండ్రటి దీపానికి ఇన్ని పాట్లు ఎందుకంటే, గోళాన్ని చింపకుండా, సాగదియ్యకుండా చదును చెయ్యడం కుదరదు. 1827లో గాస్ దీన్ని లెక్కల్లో నిరూపించాడు గానీ, బత్తాయి తొక్కని బల్ల మీద అదిమి చూసిన ఎవరికైనా తెలిసిన విషయమే. కాబట్టి గోళం కావాలంటే అకారిలాగా మడతలు పెట్టాలి, లేదా ముక్కలు చెయ్యాలి. రెండో దారి పట్టినవాళ్ళు డెన్మార్క్ వాళ్ళు. హోల్గర్ స్ట్రోమ్ 1973లో చేసిన ఐక్యూ లైటు పల్చటి ప్లాస్టిక్ ముక్కల కూర్పు. అన్నీ ఒకే ఆకారం, మూలల కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ముప్ఫై కలిపితే బంతి. సైమన్ కార్కోవ్ 1969లో గీసిన దీపం నార్మ్ 69 పేరుతో 2002లో మార్కెట్లోకి వచ్చింది, అందులో 69 ముక్కలు. స్క్రూ లేదు, జిగురు లేదు. రెండూ చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కానీ 69 ముక్కల్ని ఆదివారం మధ్యాహ్నం కూర్చుని అతికించే ఓపిక అందరికీ ఉండదు. పంపేవాడికి మిగిలిన కిరాయి కొన్నవాడి చేతివేళ్ళ మీద పడుతుంది.

మన షేడ్ అదృష్టం, అది గోళం కాదు. డ్రమ్ము ఆకారాన్ని విప్పితే దీర్ఘచతురస్రం. మొన తీసేసిన శంకువుని విప్పితే విసనకర్ర లాంటి వంపు పలక. దాన్ని గీసే లెక్క సులువే. పెద్ద రింగు వ్యాసార్ధాన్ని ఏటవాలు ఎత్తుతో గుణించి, రెండు వ్యాసార్ధాల తేడాతో భాగించాలి. మనకి వ్యాసార్ధాలు 20, 10, ఏటవాలు ఎత్తు 26. కాబట్టి బయటి వంపు 52 సెంటీమీటర్లు, లోపలి వంపు 26. తేడాని ఏటవాలు ఎత్తుతో భాగించి 360తో గుణిస్తే కోణం, సుమారు 138 డిగ్రీలు. ఒకే పలకగా పరిస్తే దాదాపు 97 సెంటీమీటర్ల వెడల్పు, ఏ పెట్టెలోనూ పట్టదు. నాలుగు చేస్తే ఒక్కోటి సుమారు 31 × 27. పుస్తకాల్లా పేర్చుకోవచ్చు.

తోలు సంగతి తేలింది. మరి ఇనప చట్రం? నిలువు కమ్మీలు నాలుగు, రెండు కొసలా కొక్కేలు వంచి రింగులకి తగిలించేలా చేస్తే అవీ చదునే. ఇక మిగిలినవి రెండు రింగులు. పెద్దది 40 సెంటీమీటర్ల వ్యాసం. దాన్ని కూడా రెండు అర్ధచంద్రాలుగా చేద్దామని నేను రెండు వారాలు కీళ్ళ డ్రాయింగులు గీశాను. తర్వాత లెక్క వేసుకుంటే, రింగు ముక్క చెయ్యకుండానే 42 × 42 × 4 పెట్టె సరిపోతోంది. అది 1.41 కిలోలు. అసలు బరువు 1.4. రెండూ సమానమైపోయాక ఇంకెన్ని ముక్కలు చేసినా ఒక్క పైసా తగ్గదు, ఊగే కీలు ఒకటి పెరగడం తప్ప. డ్రాయింగులు చెత్తబుట్టలో పడేశాను. విడదియ్యడం ఎక్కడ ఆపాలో ఈ లెక్క ముందే చెప్పేస్తుంది. నేనే ఆలస్యంగా అడిగాను.

పై రింగు విషయంలో ఒక జాగ్రత్త. ఇండియా షేడ్లు అక్కడి బయొనెట్ హోల్డరుకి సరిపోయేలా వస్తాయి. అమెరికాలో టేబుల్ లాంపులకి ఎక్కువగా ఉండేది హార్ప్. బల్బు చుట్టూ వంపు తీగ, దాని కొసన మర. షేడ్ పై రింగుకి మూడు చువ్వలు, మధ్యలో చిల్లు ఉంటే ఆ మర మీద కూర్చుంటుంది. దీన్ని స్పైడర్ అంటారు. యూరప్‌లోని పెద్ద హోల్డర్లకైతే మధ్యలో సుమారు 40 మిల్లీమీటర్ల కన్నం ఉన్న రింగు అడగాలి. వైరు, హోల్డరు అక్కడి నుంచి తెచ్చుకోకండి. వోల్టేజీ వేరు, ఇక్కడి భద్రతా ముద్రలూ ఉండవు. షేడ్ తెచ్చుకుని స్టాండు ఇక్కడ కొనుక్కోవడమే మేలు.

ఇవన్నీ కాగితం మీద తేలాక కూడా అసలు ప్రశ్న మిగిలింది: పలకల్ని కొన్నవాళ్ళు దేనితో కలుపుకుంటారు? నేను ప్రెస్ బటన్లన్నాను, చిన్న మరలన్నాను. 2024లో వెళ్ళినప్పుడు అట్టతో చేసిన నమూనా పెద్దాయన ముందు పెట్టాను. ఆయన బటన్ని వేలితో రెండుసార్లు నొక్కి చూశారు.

"నాయనా, బొమ్మకు మోకాలు యెట్ల కడ్తాం? దారంతోనే గదా. ఆటకు పోయేటప్పుడు రావణాసురుణ్ణి నిలబెట్టి తీసకపోతామా? పండబెట్టి పెట్టెలో పెడ్తాం."

నేను తలదించుకున్నాను. తోలుబొమ్మ అంటేనే విడి విడి ముక్కల్ని దారంతో ముడేసి కదిలేలా చేసిన వస్తువు. పల్చగా ఒకదానిమీద ఒకటి పేర్చుకుని ఊరూరూ తిరిగినవాళ్ళకి నేను ప్యాకింగ్ నేర్పడానికి వెళ్ళాను. షేడ్ మాత్రం కొత్త సరుకు. దాన్ని ఎవరో ఇనప చట్రానికి బిగించి కుట్టమన్నారు, వీళ్ళు కుట్టారు.

దారపు కీలులో ఇంకో లాభం కూడా ఉంది, అది నాకు ముందు తట్టలేదు. ఈ తోలు తేమకి సాగుతుంది, పొడి గాలికి ముడుచుకుంటుంది. నేను మొదట తెచ్చిన షేడ్ మా ఊరి చలికాలంలో, హీటర్ గాలికి, కుట్టు పక్కన చిరిగింది. బిగించి కుట్టిన చోట తోలుకి కదలడానికి చోటు లేదు. దారానికి కాస్త వదులు ఉంటుంది.

పలకల అంచులు ఒక సెంటీమీటరు ఒకదాని మీదకి ఒకటి రావాలి, లేకపోతే కీలు దగ్గర వెలుతురు గీతలా కారుతుంది. బొమ్మ కూడా నాలుగు పలకలకి సరిపోయేలా ముందే కూర్చుకోవాలి. మొదటి నమూనాలో మా ఆవిడ పలకలు తారుమారు చేసి కట్టింది. ఆంజనేయుడి తోక వెళ్ళి రావణుడి పదితలల మధ్య తేలింది. నంబర్లు వేద్దామనుకున్నాం గానీ వెలుతురులో అంకెలు కనిపిస్తాయి. అందుకని నాలుగు కీళ్ళకీ చిల్లుల మధ్య దూరం నాలుగు రకాలుగా పెట్టాం. జత కాని అంచులు కలవనే కలవవు.

వేడి గురించి పెద్దగా బెంగ లేదు. పాత 60 వాట్ల బల్బు పక్కన తోలు మాడేది. అమెరికాలో మామూలు ఫిలమెంట్ బల్బుల అమ్మకం 2023 ఆగస్టుతో ఆగిపోయింది. ఇప్పటి ఎల్ఈడీ అంతే వెలుతురు తొమ్మిది వాట్లలో ఇస్తుంది. అయినా బల్బుకీ తోలుకీ మధ్య బెత్తెడు దూరం ఉంచండి. ఇంకో మాట. పాత బొమ్మల్లో జింకతోలువి ఉంటాయి, అవి ముచ్చటపడి కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం అవుతుంది. రసీదులో మేకతోలు అని రాయించుకోండి.

పన్నెండు షేడ్లూ 2025 వేసవిలో ఒక స్నేహితుడి చెక్-ఇన్ సూట్‌కేసులో వచ్చాయి. అన్నీ కలిపి 15 కిలోలు. మిగిలిన ఎనిమిది కిలోల్లో వాళ్ళమ్మగారు ఆవకాయ సర్దారు. ఇక్కడి నుంచి ఇళ్ళకి పంపిన ఒక్కో పెట్టె అయిదు పౌండ్ల లెక్కలోకి వచ్చింది. పదకొండు ఇళ్ళలో దీపాలు వెలిగాయి. పన్నెండో ఆయన ముడి వెయ్యడం రావడం లేదని ఫోన్ చేశారు. పెద్దాయన మనవరాలి చేత ఫోన్లో వీడియో తీయించి పంపారు. ముడి వేసే ఆయన వేళ్ళు తప్ప అందులో ఇంకేమీ కనిపించవు.