అరచేతిలో సున్నా

1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల గురించి మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అంతకు ముందు ఏడాది గవర్నరు థామస్ మన్రో జిల్లాల కలెక్టర్లందరినీ అడిగిన లెక్క అది. అప్పటి బళ్లారి అంటే అనంతపురం సీమ కూడా కలిసిన జిల్లా. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసినవాడు, మన వీధిబడి అతనికి కొత్త కాదు. 533 బడులున్నాయన్నాడు. కన్నడం బడులు 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీ 21, తమిళం 4, ఇంగ్లీషు ఒక్కటి. చదివేవాళ్లు మొత్తం 6,641 మంది. అందులో మా పిల్లలు 243 మంది.

ఈ అంకెలకంటే మమ్మల్ని పట్టి నిలబెట్టింది అదే నివేదికలోని ఇంకో సంగతి. పొద్దున్నే అందరికంటే ముందు బడికొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు. వాడు మెచ్చుకోవడానికీ తగడు, తిట్టడానికీ తగడు అని దానర్థం. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చేవాడికల్లా ఒక్కో దెబ్బ పెరుగుతూ పోతుంది. సోమరి పిల్లల్ని చేతులు కట్టి ఇంటికప్పుకు వేలాడదీయడం, ఆగకుండా గుంజీళ్లు తీయించడం కూడా అందులో ఉన్నాయి.

సన్మానమూ శిక్షా రెండూ ఒకే అయ్యవారి చేతిలోంచి వచ్చేవన్నమాట. ఇప్పుడు అయ్యవారి స్థానంలో కమిటీలొచ్చాయి, శాలువాలొచ్చాయి, సర్క్యులర్లొచ్చాయి. కానీ ఎవరి చేతిలో ఏం రాస్తున్నారన్న ప్రశ్న ఎక్కడికీ పోలేదు. తెలుగునాట ముస్లిం పిల్లాడికీ ముస్లిం పంతులుకీ ఎక్కువగా దక్కింది మధ్యలో ఉన్న ఆ సున్నాయేనని మా అభియోగం. దెబ్బయితే కనీసం వాత కనిపిస్తుంది. సున్నా కడుక్కుంటే పోతుంది, ఎవరికీ చూపించలేం.

ముందు మా ఇంటి సంగతి చెప్పుకుందాం. బెత్తం ఒక మతానిది కాదు. బిస్మిల్లా చేయించి పిల్లాణ్ణి ఉస్తాదుకి అప్పగిస్తూ మా తాతలు అనే మాట ఒకటుంది: ‘చమ్డా ఆప్‌కా, హడ్డీ హమారీ.’ తోలు మీది, ఎముకలు మావి. పక్క వీధిలో పంతులుగారికి అప్పగించేవాళ్లు ‘దండం దశగుణం’ అనేవారు. ఒకరిది ఉర్దూ, ఒకరిది సంస్కృతం, వీపు మాత్రం ఒకటే. అదబ్ నేర్పడమంటే కొట్టడమేనని రెండు వీధులూ నమ్మాయి. అదబ్ అన్న మాటకి మర్యాద అనీ సాహిత్యమనీ రెండర్థాలున్నాయని మా ఉస్తాదుల్లో చాలామందికి తెలుసు. మొదటి అర్థం కోసం రెండోదాన్ని వదిలేశారు.

ఆ 21 పారశీ బడుల గురించి ఒక మాట. పారశీ కొలువు భాష. కచేరీలో ఉద్యోగం కావాలనుకున్న హిందువులూ మౌల్వీ ముందు కూర్చుని నేర్చుకున్నారు. హైదరాబాదులో కాయస్థుల ఇళ్లలో పారశీ, ఉర్దూ తరతరాల చదువు. అంటే ఆ మౌల్వీకి దక్కిన సలాము అతని మతానికి దక్కింది కాదు, అతను నేర్పే భాషతో వచ్చే జీతానికి దక్కింది. 1880లలో నిజాం కచేరీల్లో పారశీ పోయి ఉర్దూ వచ్చింది. 1948 తర్వాత ఉర్దూ కూడా పోయింది. భాషతోపాటే సలామూ పోయింది. ఊరంతటి ఉస్తాదు ‘ఉర్దూ మాస్టారు’ అయ్యాడు. టైంటేబుల్లో ఒక పీరియడు, స్టాఫ్‌రూంలో మూల కుర్చీ.

ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో మద్రాసు ప్రెసిడెన్సీలో లోకల్ బోర్డులు బడులు నడిపాయి. పంతులు మంచివాడో కాదో తేల్చడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పరీక్షలో పిల్లలు పాసైనదాన్ని బట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతీ నడిచింది. ఇన్‌స్పెక్టరు మెచ్చుకోవడమంటే పంతులుకు పొయ్యి వెలగడమే. 1882 నాటి హంటర్ కమిషన్ ముస్లింల చదువు గురించి విడిగా సిఫార్సులు చేసింది. ముస్లిం ఉపాధ్యాయులకు శిక్షణ ఏర్పాట్లు ఉండాలని, తనిఖీ అధికారుల్లో ముస్లింలను ఎక్కువగా నియమించాలని అందులో ఉంది. తూచేవాడు ఎవరన్నదాన్ని బట్టి తూకం మారుతుందని వందేళ్ల కిందటే సర్కారుకు తెలుసు. ఇవాళ ఈ మాట మేం అంటే మతం తెస్తున్నారంటారు.

తక్కెడ మావాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఏమైందో కూడా చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు. వినకపోతే బయటికి పంపారు. వాళ్లలో చాలామంది నాగపూరు వెళ్లి చదువుకున్నారు. తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఆ విద్యార్థుల్లో ఒకరు. ఉర్దూలో ఉన్నత చదువు చెప్పిన ఉస్మానియా మాకెంత గర్వమో ఈ సంగతి అంత ముల్లు. పాడినందుకు వెళ్లగొట్టడం తప్పయితే పాడనందుకు వెళ్లగొట్టడమూ తప్పే అని చెప్పడానికి మాకు నోరుండాలంటే, ముందు 1938ని ఒప్పుకోవాలి.

పాడని పిల్లల సంగతి 1985లో కేరళలో వచ్చింది. వాళ్లు ముస్లింలు కారు. యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు. జాతీయగీతం వేళ లేచి నిలబడేవారు, మర్యాదగానే ఉండేవారు, గొంతు మాత్రం కలిపేవారు కాదు. బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. నిలబడి గౌరవించిన పిల్లలు పాడకపోవడం నేరం కాదని తేల్చాడు. ఈ తీర్పు మన టీచర్ల శిక్షణలో ఒక్క పూటయినా చెబితే ఎన్ని తరగతి గదుల్లో ఊపిరాడేదో.

ఎందుకంటే మా పిల్లలకు జరిగేది కోర్టుదాకా పోయే రకం కాదు. హాజరు పిలిచేటప్పుడు పేరు వంకర తిరుగుతుంది, క్లాసంతా నవ్వుతుంది. క్రికెట్ మ్యాచ్ మర్నాడు ‘మీవాళ్లు ఓడిపోయార్రా’ అంటాడు లెక్కల సారు, సరదాకే. పండగ మర్నాడు బడికి పోతే టిఫిన్ డబ్బా మూత తీయడానికి భయం. హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి ఏమని చెప్పాలి? నవ్వారని ఫిర్యాదు రాస్తారా ఎవరైనా? తండ్రి పండ్లబండి వదిలి వస్తే ఆ పూట కూలి పోతుంది. వచ్చినా ‘చిన్నపిల్లల మాటలు పట్టించుకుంటారా సాయిబూ’ అని పంపేస్తారు. ఇదీ మేం చెప్పే సున్నా.

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక బళ్లో టీచరు, ఎక్కాలు అప్పజెప్పని ఏడేళ్ల ముస్లిం పిల్లాణ్ణి తోటి పిల్లలచేత చెంపదెబ్బలు కొట్టించింది. వీడియో ఉంది కాబట్టి దేశం చూసింది. ఇది నిజమే అయితే రాజ్యం మనస్సాక్షిని కుదపాలని సుప్రీంకోర్టు అంది. దెబ్బ తిన్నవాడికి సలహా, చికిత్స ఇప్పించమంది. కొట్టిన పిల్లలకు కూడా కౌన్సెలింగ్ ఇప్పించమంది. ఈ రెండో సగం మాకు ముఖ్యంగా తోచింది. ఎక్కాలు నేర్చుకోవడానికొచ్చిన పిల్లలు ఆ రోజు నేర్చుకున్నదేమిటో కోర్టుకి అర్థమైంది.

సన్మానమూ శిక్షా మళ్లీ ఒకే చోట కలిసింది కర్ణాటకలో. 2021 చివర్లో ఉడుపి ప్రభుత్వ బాలికల జూనియర్ కాలేజీలో హిజాబ్ వేసుకున్న అమ్మాయిల్ని తరగతిలోకి రానివ్వలేదు. దుస్తులు నిర్ణయించింది కాలేజీ అభివృద్ధి కమిటీ. స్థానిక శాసనసభ్యుడే దానికి అధ్యక్షుడు. 2022 ఫిబ్రవరి 5న సర్కారు ఉత్తర్వు ఇచ్చి ఇలాంటి కమిటీల మాటకు బలమిచ్చింది. మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు వేర్వేరు తీర్పులు చెప్పారు. పక్కనే కుందాపురలో ప్రభుత్వ కాలేజీ గేటు మూసి అమ్మాయిల్ని బయట నిలబెట్టిన దృశ్యం కూడా అప్పుడు అందరూ చూశారు. 2024 సెప్టెంబరులో, అప్పటికి సర్కారు మారాక, ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌కే రాష్ట్ర ఉత్తమ ప్రిన్సిపాల్ అవార్డు ప్రకటించారు. గొడవ రేగింది. ఉపాధ్యాయ దినోత్సవానికి ముందురోజు అవార్డు నిలిపేశారు. ఎంపిక చేసిన కమిటీ కంటికి ఆ గేటు ఎందుకు ఆనలేదు? ఫలితాల శాతాలు, హాజరు శాతాలు చూసి ఉంటారు. గేటు బయట మిగిలిపోయినవాళ్లు ఏ శాతంలోకీ రారు కదా.

ఇక మా రాష్ట్రాల్లో సన్మానాల లెక్క. ఉపాధ్యాయులకు జాతీయ అవార్డులు 1958లో మొదలయ్యాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో దేశపు తొలి విద్యామంత్రి మౌలానా ఆజాద్ చనిపోయారు. 1962 నుంచి సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం. ఆజాద్ పుట్టిన నవంబరు 11ని 2008 నుంచి జాతీయ విద్యాదినోత్సవం అన్నారు. సంతోషించాం. మా దగ్గర మాత్రం అది మైనారిటీల సంక్షేమ దినోత్సవం కూడా అయి కూర్చుంది. ఐఐటీలకూ యూజీసీకీ పునాదులు పడిన కాలపు విద్యామంత్రి మా వాటాకి కొలతేసి ఇచ్చిన మైనారిటీ నాయకుడయ్యాడు. ఉర్దూ టీచర్లకు ఉర్దూ వేదిక మీద సన్మానం. మంచిదే. కానీ తెలుగులో లెక్కలు చెప్పే ముస్లిం టీచరు ఏ వేదిక ఎక్కాలి?

ఇంకో తమాషా. 2018 నుంచి జాతీయ అవార్డుకి టీచరు తనంతట తానే ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవాలి. చేసిన పనికి ఫొటోలు, కాగితాలు జతచేయాలి. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పే ఉర్దూ మీడియం టీచరమ్మ ఆ కాగితాలు ఎప్పుడు పోగేస్తుంది? అసలు సన్మానించడానికి ముందు టీచరు ఉండాలి. ఉర్దూ మీడియం పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినవాటికి అభ్యర్థులు దొరకరు. డీఎస్సీ తర్వాత డీఎస్సీ అవి ఖాళీగా మిగిలిపోతుంటాయి. దళిత సోదరుల వాటా తీసేయమని మేం అనడంలేదు. ఆ వాటాను వాళ్లకు పనికొచ్చే సబ్జెక్టుల్లోకి మార్చి, ఇక్కడ టీచరును పంపమంటున్నాం. ఈ చిన్న సర్దుబాటుకి ఎన్ని వినతిపత్రాలో.

కమిటీల చట్టాలు మనకు లేవా అంటే ఉన్నాయి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడి నడకలో తల్లిదండ్రులకు చోటిస్తూ చట్టం చేసి విద్యా కమిటీలు పెట్టింది. 2002లో బెత్తం నిషేధిస్తూ విద్యా నియమాలు మార్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 21వ సెక్షన్ కింద యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తమ్మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పిల్లలపై వేధింపు జరిగితే స్థానిక అధికారుల దృష్టికి తేవడం ఈ కమిటీ పనేనని కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల్లో స్పష్టంగా రాశారు. పేరు వంకర తిప్పి నవ్వడం మానసిక వేధింపు కాదా? చట్టంలో చోటుంది. కాని విలేకరులుగా మేం తిరిగిన ఊళ్లలో కమిటీలో ఉన్న బీడీలు చుట్టే బీబీకి తాను సభ్యురాలినని తెలిసేది, అటెండరు రిజిస్టరు ఇంటికి తెచ్చి వేలిముద్ర అడిగినప్పుడే.

మా సొంత బడుల మాట తప్పించుకోలేం. 2012లో చట్టం సవరించి మదర్సాలనూ వేదపాఠశాలలనూ దాని పరిధి నుంచి తప్పించారు, మైనారిటీ బడుల్లో కమిటీలకు సలహా చెప్పే అధికారం మాత్రమే ఉంచారు. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు అసలు వర్తించదంది. మా సంస్థల పెద్దలు మిఠాయిలు పంచుకున్నంత పని చేశారు. ముప్పయ్యో అధికరణం మాకు ప్రాణమే, ఎవరూ తాకకూడదు. కాని ఆ తీర్పుతో 25 శాతం సీట్ల బాధ్యత పోయినట్టే 17వ సెక్షన్ కూడా మా గేటు దాటి బయటికి పోయింది. సచార్ కమిటీ 2006లో చెప్పింది గుర్తుంది కదా, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి మొహం చూడనివాళ్లో మధ్యలో మానేసినవాళ్లో అని. వాళ్లలో బెత్తానికి భయపడి మానేసినవాళ్లను మాకు తెలిసిన గల్లీల్లోనే చూశాం.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతి తీర్పు మీద సందేహం వెలిబుచ్చి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందు ఉంచమంది. విస్తృత ధర్మాసనం ఏం చెబుతుందోనని మా యాజమాన్యాలు వకీళ్ల చుట్టూ తిరగవచ్చు, తిరగనీ. ఈలోగా 17వ సెక్షన్‌లోని రెండు వాక్యాలను తమ బడి నియమాల్లో తామే రాసుకుని, ఉర్దూలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి స్టాఫ్‌రూం గోడకి అంటించడానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు. కమిటీలో ఇద్దరు తల్లుల్ని కూర్చోబెట్టడానికీ అక్కర్లేదు. వచ్చే నవంబరు 11న శాలువా ఎవరికి కప్పాలో ఆ తల్లుల్నే అడగండి సాబ్.