ఇంటి వద్ద బండిని ఎత్తే జాకీ: ఎంపికలో జాగ్రత్తలు

చక్రం విప్పవలసి వచ్చినపుడు మోటారు సైకిలును ఇటుకలపై నిలబెట్టడం పల్లెల్లో పరిపాటి. ఇటుక పగిలితే బండి మనిషి మీదికే వస్తుంది. స్ప్లెండర్ సుమారు 112 కిలోలు, బుల్లెట్ 350 సుమారు 195 కిలోలు తూగుతాయి. అయితే జాకీపై ముద్రించిన సామర్థ్యం ఒక్కటే చూసి కొనరాదు. నూనె ఒత్తిడితో లేచే జాకీలో సీలు అరిగితే, ఎత్తిన బండి తనంతట తానే దిగిపోతుంది. కనుక ఎత్తిన పిదప బరువును మోయుటకు ఇనుప లాకు తప్పక ఉండవలెను. మర తిప్పి ఎత్తే జాకీ నిదానమే గాని, ఇంటి పనికి అదే మేలని మా అభిప్రాయం. పీఠం వెడల్పుగా ఉండాలి. బరువు బండి చట్రంపై ఆనాలే గాని ఆయిలు బోల్టుపైన, సైలెన్సరు గొట్టంపైన పడరాదు. మట్టి నేలైతే మందపాటి చెక్క పలక వేసి, ముందు బ్రేకు లీవరును హ్యాండిలుకు తాడుతో బిగించి ఎత్తండి. చైను శుభ్రపరచుట వరకే అయితే, బండికి సెంటర్ స్టాండు ఉన్నవారు జాకీ కొననక్కరలేదు.